తొంభై దాకా

కోడి మెడ మీద కత్తి పెట్టేటప్పుడు దాని కళ్ళలోకి చూడొద్దని కొత్తగా చేరినవాళ్ళకి అందరూ చెబుతారు. కోత అక్క మాత్రం చూడమనే చెప్పేది. చూడకపోతే చెయ్యి తప్పుతుంది, చెయ్యి తప్పితే కోడి సగం ప్రాణంతో ముందుకు పోతుంది, ముందున్నదేమో మరిగే నీళ్ళ తొట్టి. ఆ కోళ్ళ ఫ్యాక్టరీలో పదకొండేళ్ళుగా ఆమెది ఒకటే చోటు, ఒకటే పని. తల మీద గొలుసు తిరుగుతూ ఉంటుంది, గొలుసుకి కొక్కేలు, కొక్కేలకి తలకిందులుగా కోళ్ళు. ఎడమచేత్తో తల పట్టుకుని కుడిచేత్తో చెవి కిందుగా ఒక్క గీత గీయాలి. అక్కణ్ణుంచి తొట్టి చేరేలోపు కోడి తొంభై లెక్కపెట్టేంతసేపు వేలాడాలి. ఆలోగా రక్తం కారిపోయి రెక్కలు కొట్టుకోవడం మానేస్తాయి. అంతకు ముందే చేరిందంటే బతికుండగానే ఉడుకుతుంది.

గొలుసు వేగం మార్చే మీట సూపర్‌వైజరు చేతిలో ఉంటుంది, ఆయనకి ఎప్పుడు చూసినా కాళ్ళ కింద నిప్పులే. అందుకని కోత అక్క వరుసకో కోడిని గుర్తుపెట్టుకుని నోట్లో నోట్లో లెక్కపెట్టేది. తొంభై కాకముందే అది తొట్టి దగ్గరికి పోతే ఫ్యాక్టరీ దద్దరిల్లేలా అరిచేది. ఆయన తిట్టుకుంటూ మీట వెనక్కి తిప్పేవాడు. తన చేతి కోడి ఒక్కటి కూడా ప్రాణంతో నీళ్ళలో పడలేదని ఆమెకి గర్వం. గర్వపడటానికి ఇదీ ఒక విషయమేనా అని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఆ లెక్క ఆమెకి ఎంత వంటబట్టిందంటే, పాలు పొంగేదాకా లెక్కే, బస్సు వచ్చేదాకా లెక్కే.

గొలుసు పక్కన ఎవరి చోటే వాళ్ళ పేరు. చివర త్రాసు దగ్గర నిలబడే ఇరవై రెండేళ్ళ అమ్మాయి తూకం పిల్ల. అందరికంటే ముందు, రబ్బరు తెరకి అవతల నీలం దీపాల గదిలో, పెట్టెల్లోంచి కోళ్ళని తీసి కొక్కేలకి తగిలించే ఆవిడ ఒక్కతే వదిన. ఆమె భర్త కోళ్ళ లారీ నడుపుతాడు. అతన్ని అందరూ లారీ అన్న అంటారు కాబట్టి, ముప్పై నాలుగేళ్ళ ఆ మనిషి యాభై ఏళ్ళవాళ్ళకి కూడా వదినే అయింది. రోజుకి రెండు వేల కోళ్ళు ఎత్తి ఎత్తి ఆమె భుజాలు గట్టిపడిపోయాయి. రెండు కాళ్ళూ కలిపి పట్టుకుని, ఒక్క క్షణం కోడి రొమ్ముని తన పొట్టకి ఆనించుకుని, అప్పుడు కొక్కేనికి తగిలించేది. ఆ ఒక్క క్షణంలో అది గొడవ మానేసేది. కోత అక్క కత్తికి పేరు రావడంలో సగం వదిన చేతిదే.

ఆ శనివారం తెర ఇవతలికి ఒక కోడి ఒంటికాలి మీద వేలాడుతూ వచ్చింది. కొట్టుకుంటున్న కోడిని అదిమిపట్టి కోసేసరికి కోత అక్క ముఖం నిండా రక్తం చిందింది. పది కోళ్ళ తర్వాత ఇంకొకటి అలాగే వచ్చింది. మూడోది వచ్చేసరికి ఆమె కత్తిని పక్కమనిషి చేతిలో పెట్టి తెర అవతలికి వెళ్ళింది. నీలం వెలుతురులో వదిన ఎడమచెయ్యి ఒక్కదానితోనే పని చేస్తోంది. కుడిచేతి చిటికెనవేలూ దాని పక్క వేలూ వంకాయల్లా వాచి ఉన్నాయి. చిటికెనవేలు వంగకూడని వైపుకి వంగి ఉంది.

ఏమైందని అడిగితే లారీ తలుపు పడిందంది. తలుపు దానంతటదే పడిందా అంటే పడిందంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని వదిన నోరు విప్పేది కాదు. పోయిన నెల మెట్లు జారాయి, అంతకు ముందు నెల బీరువా తగిలింది. ఆ ఇంట్లో వస్తువులన్నీ ఆమె మీద పగబట్టినట్టే ఉండేవి. బయట లారీ అన్న పెట్టెలు దించే మనుషులకి తన సొంత ఖర్చుతో టీలు తెప్పించి, ఏదో చెప్పి కడుపుబ్బ నవ్విస్తున్నాడు. ఊరికి ఉపకారి ఆలికి అపకారి అని ఎవరన్నారో గాని, ఈ మనిషిని చూసే అని ఉంటారు.

కోత అక్క ఒంటరి మనిషి. రెండు మంచాలు పట్టే గది ఉంది, లోపల గడియ గట్టిది. వదినని అందులోకి తెచ్చేసుకోవాలని ఆరు నెలలుగా అనుకుంటోంది. ఆ వాచిన వేళ్ళు చూశాక ఇక అనుకోవడం అయిపోయింది, తెచ్చేయడమే మిగిలింది. ఫ్యాక్టరీలో గోడలకి చెవులున్నాయి, వాళ్ళింట్లో ఆ మనిషే ఉన్నాడు. ఆదివారం సెలవు. కొండ మీద ఒకదానిపైన ఒకటిగా మూడు మడుగులున్నాయని, వెళ్దాం రమ్మని తూకం పిల్ల ఎన్నాళ్ళుగానో ప్రాణం తీస్తోంది. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. నాలుగు గంటల నడకలో మాట్లాడటానికి కావలసినంత వ్యవధి ఉంటుందని లెక్కవేసుకుంది. కొండ దిగేసరికి వదిన తన వెంట రావాలి, అంతే.

*

ఆదివారం పొద్దున బస్టాపులో కోత అక్కా తూకం పిల్లా నిలబడి ఉంటే బస్సుకి బదులు ఖాళీ లారీ వచ్చి ఆగింది. ముందు సీట్లో వదిన తల వంచుకుని కూర్చుంది. లారీ అన్న తలుపు తీసి, ముగ్గురు ఆడవాళ్ళు కొండలెక్కుతుంటే మేం గాజులు తొడుక్కుని కూర్చోవాలా అని నవ్వాడు. పిలవని పేరంటానికి వచ్చినవాడిలా కాదు, తనే పిలిచినట్టు ఎక్కమన్నాడు. తూకం పిల్ల సంతోషంగా ఎక్కింది. ఆమెకి అన్నంటే ఇష్టమే, ఎవరికి కాదు గనక. ఎండిన రెట్టలూ ఈకలూ నిండిన లారీ కొండ కిందిదాకా వెళ్ళేలోపు అతను నలభై కబుర్లు చెప్పాడు. వాటిలో కొన్నింటికి కోత అక్క కూడా నవ్వేసింది, నవ్వాక తన మీద తనకే కోపం వచ్చింది.

నడక మొదలైనప్పుడు అతనే అందరి సంచులూ భుజానికి వేసుకున్నాడు. మొదటి గంట బాగానే గడిచింది. బాట రాళ్ళ మధ్యగా పోతోంది, పక్కన వాగు చప్పుడు. కోత అక్క వదిన పక్కకి చేరినప్పుడల్లా అతను ఏదో ఒక వంకతో మధ్యలోకి వచ్చాడు. నీళ్ళు తాగుతావా అనేవాడు, అదిగో పిట్ట అనేవాడు. ఒకసారి వదిన రాయి మీద కాలు మడతపడి అతని మీదికి తూలితే, పడకుండా పట్టుకున్నాడు. పట్టుకున్నది వాచిన వేళ్ళని. పట్టు బిగించి, అటూ ఇటూ చూసి, జాగ్రత్త అమ్మా అన్నాడు. వదిన ముఖం సున్నం కొట్టినట్టు అయిపోయింది, గొంతులోంచి చప్పుడు మాత్రం రాలేదు. తూకం పిల్ల అది చూసింది. అప్పటిదాకా తెరిచి ఉన్న నోరు మూసుకుంది.

కింది మడుగు దాటాక ఎక్కుడు నిటారుగా మారింది. అక్కడ అసలు సంగతి బయటపడింది. అతను ఇరవై ఏళ్ళుగా సీట్లో కూర్చుని తిరిగే మనిషి, పొట్ట స్టీరింగుకి ఆనుతుంది. పది అడుగులకోసారి రొప్పుతూ ఆగాడు. సంచులు ఒక్కొక్కటే తిరిగి ఆడవాళ్ళ భుజాలకి చేరాయి. వదిన మొదట అతని కోసం ఆగింది, తర్వాత ఆగడం మర్చిపోయింది. రోజుకి ఎనిమిది గంటలు నిలబడే కాళ్ళు కదా, అవి వాటి దారిన అవి పోయాయి. కోత అక్క వెనకనించి చూస్తుండగా వదిన నడుము నిటారుగా అయింది. చీరకుచ్చిళ్ళు పైకి దోపుకుంది. ఒక మలుపు దగ్గర వెనక్కి తిరిగి, రండి, ఏం నడుస్తున్నారు మీరు అని కేకేసింది. ఆ గొంతు అంత పెద్దదని ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. కోత అక్కకి ఆనందంతో గుండె నిండిపోయింది. ఇక అడగడమే తరువాయి అనుకుంది.

నడిమి మడుగు కొండ దోసిట్లో పోసినట్టు ఉంది. ఒడ్డున మోకాలి లోతు, పాచి పట్టిన రాళ్ళు, ఆ తర్వాత నలుపు. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయంటే వేలు పెడితే ఎముక జివ్వుమంది. ముగ్గురు ఆడవాళ్ళూ చెప్పులు విప్పి కూర్చున్నారు, అరటిపళ్ళు తీశారు. అతను రావడానికి ఇంకో పావుగంట పట్టింది. చొక్కా అంతా తడిసిపోయి, పెదాలు తెల్లబడి, నోటితో గాలి పీలుస్తూ వచ్చాడు.

"ఏంటన్నా, లారీకి గేరు పడలేదా?" అంది తూకం పిల్ల.

అది ఎప్పుడూ వేసే వేళాకోళమే. అందరికంటే ముందు అతనే నవ్వాడు. తర్వాత వదిన నవ్వింది. తల వెనక్కి వాల్చి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. అతను నవ్వుతూనే వచ్చి రాయి మీద కూర్చుని, అరటిపండు ఒలుచుకు తిని, తొక్కని దూరంగా విసిరాడు. రొప్పు తగ్గేదాకా ఆగాడు. వదిన లేచి మడుగు అంచుకి వెళ్ళి, నీళ్ళు తాగడానికి వంగింది. అతను లేచి, నింపాదిగా నడిచి వెళ్ళి, ఆమె వీపు మీద బూటుకాలితో తన్నాడు.

ఆమె రాళ్ళ మీద బోర్లా పడింది. లేవబోయేలోపు జుట్టు చేతికి చుట్టుకుని, ముఖాన్ని రాతికేసి కొట్టాడు. ఒకసారి కాదు. ముందు నడుస్తావా, నవ్వుతావా, నలుగురిలో నవ్వుతావా అని ఒక్కో మాటకి ఒక్కో దెబ్బ. మూడో దెబ్బకి ఒక పన్ను రాతి మీద పడి ఎగిరింది. తూకం పిల్ల అన్నా అన్నా అని ఏడుస్తూ చెయ్యి పట్టుకోబోతే మోచేత్తో ఆమె ఛాతీలో పొడిచాడు, ఆ పిల్ల వెల్లకిలా పడింది. వదిన రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయింది. అరవలేదు, బతిమాలలేదు. ఎన్ని దెబ్బలో, ఎంతసేపో ముందే తెలిసినదానిలా ఊపిరి బిగబట్టుకుని ఉంది.

కోత అక్క అతని వెనకనించి వెళ్ళింది. పరుగెత్తలేదు. మోకాళ్ళ వెనక తన మోకాలితో పొడిస్తే అతను ముందుకి కూలి నీళ్ళలో పడ్డాడు. పాచి రాళ్ళ మీద చేతులు ఆనక జారాయి. వీపు మీద మోకాలు వేసి, ఎడమచేత్తో తల పట్టుకుంది. చెవీ జుట్టూ కలిపి గుప్పిట్లోకి వచ్చాయి. కుడిచెయ్యి మెడ మీద ఆనించి తలని కిందికి అదిమింది. కాళ్ళు కొట్టుకుంటుంటే తూకం పిల్ల ఏడుస్తూనే వచ్చి వాటి మీద కూర్చుంది. నీళ్ళు ఎగిరి ముగ్గురినీ తడిపాయి. బుడగలు వచ్చాయి. మనిషి పెద్దవాడే, కానీ తల దొరికాక ఎంతటి ప్రాణమైనా తల వెంటే పోతుందని ఆమె చేతులకి పదకొండేళ్ళుగా తెలుసు.

లెక్క ఎప్పుడు మొదలైందో ఆమెకి తెలియదు. ఫ్యాక్టరీలో నోట్లోనే ఉండేది ఆ రోజు బయటికే వచ్చింది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. తొందర లేదు, వణుకు లేదు. ముప్పై దాటాక అతని చేతులు ఆమె మోకాలిని గీరాయి. నలభై దగ్గర గీరడం తగ్గింది. యాభై దగ్గర తూకం పిల్ల అక్కా చాలక్కా అంటూ కాళ్ళ మీంచి లేచి వెనక్కి వెనక్కి పోయింది. యాభై ఒకటి, యాభై రెండు. కాళ్ళు వదిలేసినా అవి పెద్దగా కొట్టుకోవడం లేదు. రాళ్ళ మీద వదిన మోచేతుల మీద లేచి కూర్చుంది. నోట్లోంచి రక్తం కారుతుండగా, భర్త తల వైపు కాదు, కోత అక్క ముఖం వైపు చూసింది. అరవై ఆరు, అరవై ఏడు.

డెబ్బై నాలుగు దగ్గర ఆమె చేతిలోంచి తల జారిపోయింది. వదిన వెనకనించి వచ్చి అతని రెండు చీలమండలూ కలిపి పట్టుకుని, విరిగిన వేళ్ళతోనే, ఒక్క ఈడ్పుతో ఆ మనిషిని నీళ్ళలోంచి ఒడ్డుకి లాగేసింది. తొంభై కిలోల మనిషి పెట్టెలోంచి కోడి వచ్చినట్టు వచ్చాడు. పక్కకి దొర్లించి వీపు మీద పిడికిలితో గుద్దింది. నాలుగో గుద్దుకి నీళ్ళు కక్కాడు, అరటిపండు కక్కాడు, తర్వాత చిన్నపిల్లాడిలా శోషతో ఏడుపు మొదలుపెట్టాడు.

కోత అక్క ఇంకా నీళ్ళలోనే ఉంది, వంగి, చేతులు ముందుకి చాచి.

*

పై మడుగు ఎవరూ చూడలేదు. దిగేటప్పుడు అతను అందరికంటే ముందు నడిచాడు, పళ్ళు టకటకమంటుండగా, మాటిమాటికీ వెనక్కి చూసుకుంటూ. కోత అక్క అడుగు కాస్త గట్టిగా పడితే చాలు, పక్కకి తప్పుకున్నాడు. తూకం పిల్లని ఒకసారి నీళ్ళడిగాడు, నేను అడగొచ్చా అన్నట్టు అడిగాడు. వదిన పమిట కొంగు నోట్లో కుక్కుకుని అందరి వెనకా నడిచింది. దిగుడులో కోత అక్క ఆమె చెయ్యి పట్టుకోబోతే, చాచిన ఆ చేతిలో సంచి పెట్టింది. పాపం ఇంకా అదురు తగ్గలేదనుకుని కోత అక్క సంచి మోసింది.

లారీ దగ్గర అతని చేతులు తాళం పెట్టలేకపోయాయి. వణుకు తగ్గేదాకా గంటసేపు నలుగురూ నాలుగు దిక్కులు చూస్తూ కూర్చున్నారు. తర్వాత నడిచే మనిషి దాటిపోయేంత నిదానంగా పోనిచ్చాడు. తన వీధి మొదట్లో కోత అక్క దిగి, అతను వినేలాగే వదినతో, గది సిద్ధంగా ఉంది, ఇక్కడే దిగిపో అంది. అతను ముందు అద్దంలోంచి రోడ్డునే చూస్తున్నాడు. వదిన కొంగు తీయకుండానే, రేపు చూద్దామక్కా అంది.

సోమవారం వదిన పనికి రాలేదు. లారీ వచ్చింది. అన్న ఎవరికీ టీ తెప్పించలేదు, కబుర్లు లేవు. జ్వరం తగిలిందేమోనని పెట్టెలు దించేవాళ్ళు జాలిపడ్డారు. కత్తి నూరుకోవడానికి కోత అక్క అటువైపు వెళ్తే, అతను గబగబా లారీ ఎక్కి అద్దం పైకి తిప్పేసుకున్నాడు. గాజు వెనక ఆ కళ్ళు చూసి ఆమెకి కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. దాన్ని దాచుకోవాలని కూడా ఆమెకి అనిపించలేదు. ఇన్నేళ్ళు ఆ ఆడమనిషి పడిన భయంలో ఒక వంతు వీడికి తెలిసింది, అదీ తన చేతుల మీదుగా తెలిసింది. వేలు విరగ్గొట్టే మగవాడు పోలీసులకి జడవలేదు, పెద్దమనుషులకి జడవలేదు, తనకి జడిశాడు. ఆ రోజు పని ఆమెకి ఆటలా గడిచింది. గొలుసు వేగం పెంచినా సూపర్‌వైజరుని ఒక్క మాట అనలేదు. ఇంటికెళ్ళి రెండో మంచం మీది సామాను తీసేసింది, దుప్పటి ఉతికి ఆరేసింది, గోడకి కొత్త మేకు కొట్టి వదిన బట్టలకి చోటు చేసింది. తలుపు ఓరగా పెట్టుకుని పొద్దుగూకేదాకా గుమ్మంలోనే కూర్చుంది. పక్కింటావిడ ఎవరైనా చుట్టాలొస్తున్నారా అని అడిగితే, మా చెల్లెలు వస్తోందని చెప్పింది.

ఎవరూ రాలేదు. దెబ్బలు మానాలి కదా అని సరిపెట్టుకుంది.

మంగళవారం పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిన కనబడింది. పైపెదవి రెండు కుట్లతో పొంగి ఉంది, ముందు పన్ను లేదు, రెండు వేళ్ళకీ కలిపి కట్టు ఉంది. భుజాన పెద్ద గుడ్డసంచి, చేతిలో ఒక బకెట్టు, బకెట్టులో కుక్కిన గిన్నెలు. ఇల్లు వదిలి వచ్చిందని చూస్తేనే తెలుస్తోంది. కోత అక్కకి కళ్ళు చెమర్చాయి. ఇంతలో సైరన్ మోగింది. సాయంత్రం కలిసే వెళ్దామని సైగ చేసి తన చోటికి వెళ్ళిపోయింది.

తెర ఇవతలికి మొదటి కోడి వచ్చింది. అది గింజుకుంటోంది, రెండోదీ గింజుకుంటోంది. ఇది వదిన చేతిది కాదని కత్తి పెట్టకముందే తెలిసింది. తెర ఎత్తి చూస్తే నీలం దీపాల కింద ఎవరో కొత్తావిడ ఉంది. వదిన ఏదని అడిగితే, ప్యాకింగులోకి మారింది, తనే అడిగి మారిందట అంది ఆమె.

ప్యాకింగ్ గది గొలుసుకి ఆ చివర, చలి గదికి ఆనుకుని ఉంటుంది. అక్కణ్ణుంచి కోత కనబడదు. టీ విరామంలో కోత అక్క ఏప్రాన్ కూడా విప్పకుండా అక్కడికి వెళ్ళింది. వదిన ఒక్కతే బల్ల దగ్గర సంచులకి చీటీలు అంటిస్తోంది. వేళ్ళు నొప్పి కదా, తేలిక పని అడిగి మంచిపని చేశావంది కోత అక్క. గది సంగతి చెప్పింది, మంచం సంగతి, మేకు సంగతి చెప్పింది. వదిన అన్నీ విన్నది. చీటీలు సర్దింది.

"నేను తూకం పిల్ల వాళ్ళింటికి పోతున్నానక్కా," అంది.

కోత అక్కకి మొదట అర్థం కాలేదు. ఆ పిల్లది ఒకటే గది. తల్లీ, ఇద్దరు చెల్లెళ్ళూ, ఈ పిల్లా. కాళ్ళు చాపుకుంటే గోడ తగులుతుంది. అక్కడ ఐదుగురు ఎక్కడ పడుకుంటారని అడిగింది. పడుకుంటాంలే అంది వదిన. వాడు అక్కడికి వస్తే ఆ పిల్ల ఏం చేయగలదని అడిగింది. రాడు, ఆ సంగతి నేను తేల్చేశానంది వదిన. ఆదివారం తన చేత్తోనే బయటికి లాగి ఆయన ప్రాణం ఆయనకి ఇచ్చేసిందట, ఇక నాకూ నీకూ ఏమీ లేదని చెప్పి సామాను సర్దుకుందట. మడుగు దగ్గర ఏం జరిగిందో నోరెత్తితే ముందు నీ బూటుకాలి సంగతి చెప్పాల్సి వస్తుందని కూడా చెప్పిందట. ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆమె గొంతు కొండ మలుపులో కేకేసిన గొంతులాగే ఉంది. అది విని కోత అక్కకి ఇంకా బాధేసింది. ఆ గొంతు తన గదిలో వినబడాలని ఎంతగా అనుకుందో.

"మరి నా దగ్గరికి ఎందుకు రావు? నీ కోసమే కదే చేశాను."

"తెలుసు. నువ్వు లేకపోతే నాకింకో పన్ను కూడా ఉండేది కాదు." వదిన చీటీల కట్ట బల్ల మీద పెట్టింది. "ఆయన కొట్టేటప్పుడు ఎప్పుడు ఆపుతాడో నాకు తెలుసక్కా. రొప్పొస్తుంది, ఆపేస్తాడు. నీకు రొప్పు కూడా రాలేదు."

చలి గది మిషను ఒకసారి గుర్రుమని ఆగింది.

"నీ ముఖం చూశాను," అంది వదిన. "కోపం ఉందేమోనని చూశాను. డ్యూటీలో ఎలా ఉంటావో అలాగే ఉన్నావు."

"నేను ఆపేదాన్నే."

"ఎంత లెక్క దగ్గర?"

అబద్ధం చెప్పడం కోత అక్కకి చేతకాక కాదు, చెప్పడానికి ఏదైనా అంకె దొరకాలి కదా. ఎనభై అనుకుని చూసింది, ఎనభై ఐదు అనుకుని చూసింది. ఏ అంకె దగ్గరా ఆమె చేతులు ఆ మెడ మీంచి లేవలేదు. లేచేది ఒక్క చోటే. ఆ ఒక్కటీ వదినకి కూడా తెలుసు, ఫ్యాక్టరీలో తెలియనివాళ్ళు లేరు. తన చేతులకేసి చూసుకుంది. రబ్బరు తొడుగుల మీద పొద్దుటి రక్తం ఎండి పొరలు కట్టింది. కడుక్కుని రావలసింది అనుకుంది.

సైరన్ మోగింది. ప్యాకింగ్ గదికి ఒకటే తలుపు, ఇద్దరు పక్కపక్కన పట్టరు. ఇద్దరూ ఒకేసారి అటు నడిచారు, వదిన మంచినీళ్ళకీ, కోత అక్క తన చోటికీ. తలుపు దగ్గర వదిన ఆగింది. కొత్తవాళ్ళు పెద్దవాళ్ళకి దారి ఇచ్చినట్టు పక్కకి జరిగి, గోడకి వీపు ఆనించి నిలబడింది. ముఖం మాత్రం ఇటే ఉంది.

"నువ్వు ముందు నడువక్కా," అంది.